గ్యాస్ కన్నా ముందు గాలి

డబుల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఐస్ గట్టిగానే ఉంటుంది, కింద పెట్టిన పాలు మాత్రం సాయంత్రానికి విరిగిపోతాయి. అప్పుడు ఇంట్లో మొదట వినిపించే మాట ‘గ్యాస్ అయిపోయినట్టుంది’. రెండో మాట ‘కంప్రెసర్ పోయిందేమో’. రెండూ ఖరీదైన అనుమానాలు, రెండింటికీ సాక్ష్యం అంతంతమాత్రం. ఫ్రీజర్ గడ్డకట్టే చలిలో ఉందంటేనే కంప్రెసర్ తిరుగుతోంది, గొట్టాల్లో గ్యాస్ ఉంది. చలి తయారవుతూనే ఉంది, కిందికి చేరడం లేదు. చేరవేయాల్సింది ఫ్రీజర్ వెనక పలక చాటున ఉండే అరచేతంత ఫ్యాన్. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌ను చల్లగాలిని తిప్పే యంత్రంగా చూడటం మొదలుపెడితే, దాని జబ్బుల్లో చాలావాటికి మందు దగ్గరలోనే దొరుకుతుందని నా వాదన.

వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. చల్లగాలికి బరువెక్కువ, ఫ్రీజర్ ఉన్నది పైన. ఫ్యాన్ లేకపోయినా గాలి దానంతటదే కిందికి దిగాలి కదా? దిగుతుంది, కాని ఎంత బలంతో దిగుతుందో లెక్క కట్టి చూడాలి. మైనస్ 25 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి సుమారు 1.42 కిలోలు తూగుతుంది, 10 డిగ్రీల దగ్గర 1.25 కిలోలు. అర మీటరు ఎత్తున్న గాలి స్తంభంలో ఈ తేడా పుట్టించే పీడనం ఒక పాస్కల్‌కు కూడా చేరదు. మన చుట్టూ ఉన్న గాలి పీడనం లక్ష పాస్కల్‌ల పైమాటే. ఆ కాస్త తోపుడుతోనే గాలి ఒత్తుగా పేర్చిన అల్యూమినియం రేకుల సందుల్లోంచి దూరి, థర్మోకోల్‌లో తొలిచిన సన్నటి దారి వెంట నడిచి, గాలి దారిని తెరిచి మూసే డ్యాంపర్ దాటి కిందికి రావాలి. దానికి బదులుగా కింది వెచ్చటి గాలి మరో దారిన పైకి పోవాలి. ఇక కావలసిన గాలి ఎంత? గోడల గుండా, తలుపు అంచుల గుండా సెకనుకు 40 జౌళ్ల వేడి లోపలికి చొరబడుతోందనుకుందాం. లీటరు గాలి 10 డిగ్రీలు వేడెక్కుతూ మోయగలిగేది 12, 13 జౌళ్లే. అంటే సెకనుకు మూడు లీటర్ల పైచిలుకు గాలి తిరుగుతూ ఉండాలి. పాస్కల్‌లో ముక్కతో అది జరగదు. బక్కపలచటి ఫ్యాన్‌కైనా అది పెద్ద పని కాదు.

మరి సింగిల్ డోర్ ఫ్రిజ్ ఫ్యాన్ లేకుండానే ఇన్నేళ్లుగా నడుస్తోంది కదా అనవచ్చు. నిజమే. అందులో చల్లబడే పలక ఏ చాటూ లేకుండా ఫ్రీజర్ పెట్టె గోడగానే నిలబడి ఉంటుంది. గాలి దూరాల్సిన ఇరుకు దారులు లేవు కనుక ఆ కాస్త తోపుడే సరిపోతుంది. చిక్కల్లా తేమతో. విశాఖలోనో కాకినాడలోనో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఘనపు మీటరు గాలిలో 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. మైనస్ 18 దగ్గర అంతే గాలి మోయగలిగేది ఒక గ్రాము. తలుపు తీసినప్పుడు 250 లీటర్ల ఫ్రిజ్‌లో గాలంతా మారిపోయిందనుకుంటే, ఐదారు గ్రాముల నీరు లోపలికి వచ్చినట్టు. అది అన్నిటికన్నా చల్లటి చోట మంచుగా పేరుకుంటుంది. గట్టి ఐస్ వేడిని అల్యూమినియం కన్నా వంద రెట్లు మందకొడిగా పంపుతుంది, గాలి చిక్కుకున్న పొడి మంచు అంతకన్నా అధ్వాన్నం. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లోకీ అదే తేమ వస్తుంది, అదే మంచు పడుతుంది. కాకపోతే చల్లబడే గొట్టాల చుట్టను, అంటే కాయిల్‌ను, పలక వెనక్కు నెట్టి, కొన్ని గంటలకొకసారి హీటర్‌తో మంచు కరిగిస్తారు. ఆ నీరు గొట్టం వెంట కంప్రెసర్ మీది పళ్లెంలోకి జారి, దాని వేడికే ఆవిరైపోతుంది. మంచు గీకే పని తప్పింది. కాయిల్‌ను దాచేశాం కనుక ఫ్యాన్ తప్పనిసరైంది.

ఆ ఫ్యాన్‌ను చాలా ఏళ్లపాటు తిప్పిన షేడెడ్ పోల్ మోటార్‌లో నాకు మహా ఇష్టమైన భాగం ఒక రాగి కడియం. ఇంటి కరెంటు సింగిల్ ఫేజ్. దానితో పుట్టే అయస్కాంత క్షేత్రం పెరుగుతుంది, తరుగుతుంది, దిక్కు మార్చుకుంటుంది, అంతేగాని తిరగదు. అలాంటి క్షేత్రంలో పెట్టిన రోటర్, అంటే తిరగాల్సిన భాగం, ఎటు కదలాలో తేలక ఉన్నచోటే మూలుగుతుంది. సీలింగ్ ఫ్యాన్ ఈ గండాన్ని కెపాసిటర్‌తో దాటుతుంది. 1890 ప్రాంతానికే తెలిసిన షేడెడ్ పోల్ పద్ధతి ఆ కెపాసిటర్‌నూ అడగదు. కదలని భాగమైన స్టేటర్ ధ్రువం చివర గాడి కోసి, ఒక పక్కకు మందపాటి రాగి కడియం తొడుగుతారు. దానికి ఏ వైరూ కలపరు. క్షేత్రం పెరుగుతుంటే, లెంజ్ నియమం ప్రకారం, కడియంలో పుట్టిన కరెంటు ఆ పెరుగుదలకు అడ్డుపడుతుంది. తరుగుతుంటే ఆ తరుగుదలకూ అడ్డుపడుతుంది. అందువల్ల కడియం ఉన్న పక్క క్షేత్రం కాస్త ఆలస్యంగా పతాకస్థాయికి చేరుతుంది. ముందు ఇటు, ఆ తర్వాత అటు. క్షేత్రం ధ్రువం మీదుగా కడియం వైపు జరిగినట్టవుతుంది, రోటర్ దాని వెంట పడుతుంది. వైర్లు తారుమారు చేసినా తిరిగే దిక్కు మారదు, అది కడియం ఎటుందన్న దాన్ని బట్టే ఉంటుంది. బ్రష్‌లు లేవు, బుష్‌లు తప్ప అరిగేది లేదు. కరెంటు తీగ తగలని రాగి ముక్కతో ఇంత పని చేయించుకోవడం కన్నా పొదుపైన ఉపాయం విద్యుత్ యంత్రాల్లో అరుదు.

పొదుపు తయారీలోనే, నడకలో కాదు. కడియంలో తిరిగే కరెంటు వేడిగా వృథా అవుతుంది. రెక్కలకు చేరిన శక్తి కూడా చివరకు గాలి రాపిడిలో వేడిగానే తేలుతుంది. అదంతా ఫ్రిజ్ లోపలే. మోటార్ 10 వాట్లు తింటుందనుకుంటే, ఆ 10 వాట్ల వేడినీ కంప్రెసర్ మళ్లీ బయటికి తోయాలి. వాటు ఖర్చుకు వాటున్నర వేడి తోసే యంత్రమైతే, అందుకు ఇంకో ఆరేడు వాట్లు. చలిని మోసే కూలీకి కూలీ ఇచ్చి, వాడు తొక్కిన బురదను కడగడానికి మరొకరిని పెట్టుకున్నట్టు. అలాగని ఫ్యాన్ దండగ అనలేం. 1922లో స్వీడన్‌లో ప్లాటెన్, ముంటర్స్ అనే ఇద్దరు యువ ఇంజనీర్లు కదిలే భాగమే లేని ఫ్రిజ్ తయారుచేశారు. దాని నిశ్శబ్దం అద్భుతం, కాని అది అడిగే శక్తి ఎక్కువ. హోటల్ గదుల్లో చిన్న ఫ్రిజ్‌గా మిగిలింది. ఫ్యాన్‌ను ఉంచి దాని వేడిని తగ్గించడమే దారి. మన దగ్గర 1958లో గోద్రెజ్ ఫ్రిజ్ వచ్చింది, చాలా కాలం సింగిల్ డోర్లే నడిచాయి, 2010లో ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకు స్టార్ లేబుల్ తప్పనిసరైంది. కొత్త ఫ్రిజ్‌లలో కడియం స్థానాన్ని రోటర్‌లో శాశ్వత అయస్కాంతం, దాని స్థానం కనిపెట్టే హాల్ సెన్సర్, సాధారణంగా 12 వోల్టుల డీసీ ఆక్రమించాయి. రెండు మూడు వాట్లతో పని జరిగిపోతోంది.

అనుభవమున్న మెకానిక్ ఇక్కడ నన్ను నిలదీయవచ్చు: గ్యాస్ సగం కారిపోయినా ఫ్రీజర్ కొంత చల్లగా ఉండి కింద వెచ్చబడుతుంది కదా? న్యాయమైన ప్రశ్న. జవాబు పలక విప్పితే కాయిల్ మీదే ఉంటుంది. గ్యాస్ తగ్గితే మంచు కాయిల్ మొదట్లో కొన్ని వరుసల మీదే పట్టి, మిగతాది పొడిగా ఉంటుంది. ఫ్యాన్ ఆగితే కాయిల్ అంతటా సమంగా పడుతుంది. రేకులే కనబడనంత గడ్డకట్టిందంటే మంచు కరిగించే హీటర్‌నో, దాన్ని నడిపే బైమెటల్‌నో, టైమర్‌నో అనుమానించాలి. అక్కడ ఫ్యాన్ ఆగిందే తప్ప చెడిపోలేదు, రెక్కలు ఐస్‌లో ఇరుక్కున్నాయి. టకటకమన్న చప్పుడు ముందే వినిపించి ఉంటుంది. ఆ ఫ్రిజ్‌లో కొత్త మోటార్ వేస్తే కొన్నాళ్లకు దానికీ అదే గతి. ఇంకో సంగతి, తలుపు తీస్తే చాలా ఫ్రిజ్‌లలో ఫ్యాన్ ఆగుతుంది, అందుకోసమే తలుపు దగ్గర స్విచ్ పెట్టారు. దాన్ని వేలితో నొక్కిపట్టకుండా ‘ఫ్యాన్ తిరగట్లేదు’ అని తేల్చేస్తే ఆ తీర్పు చెల్లదు.

మార్చాలని తేలాక పని చిన్నదే. నాబ్ సున్నాకు తిప్పితే చాలదు, ప్లగ్ పీకాలి. ఐస్‌ను కరగనివ్వాలి తప్ప కత్తితో పొడవకూడదు, గొట్టానికి చిల్లు పడితే గ్యాస్ బయటికొస్తుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉన్నది ఐసోబ్యూటేన్, అంటుకునే వాయువు. 230 వోల్టుల పాత మోటార్ చుట్ట తెగిందో లేదో మల్టీమీటర్ చెబుతుంది. డీసీ మోటార్ లోపల ఎలక్ట్రానిక్స్ ఉంటాయి కనుక ఆ పరీక్ష నమ్మదగింది కాదు, దానికి 12 వోల్టులు అందుతున్నాయో లేదో చూడాలి. కొత్తది అదే వోల్టేజీదై, అదే దిక్కుకు తిరగాలి. రెక్కలను ఇరుసు మీద పాతదాని లోతుకే నొక్కాలి. అంచు చుట్టూ ఉన్న వలయానికి ముందుకో వెనక్కో పోతే గాలి అక్కడక్కడే సుడి తిరుగుతుంది. పలక చుట్టూ ఉన్న స్పాంజి పట్టీ యథాస్థానంలో కూర్చోకపోయినా గాలి అడ్డదారి పడుతుంది. ప్లగ్ పెట్టగానే ఫ్యాన్ తిరగకపోతే కొత్త మోటార్‌ను నిందించకుండా కాసేపు ఆగాలి. కాయిల్ చల్లబడేదాకా ఫ్యాన్‌ను ఆపి ఉంచే మోడళ్లున్నాయి, వెచ్చటి తడిగాలిని సరుకుల మీదికి ఊదకుండా ఉండటానికి.