న్యాయస్థానమున చరిత్ర సాక్ష్యము

దక్షిణాఫ్రికా దేశమున సముద్రతీరమందు డర్బన్ అను నగరము కలదు. అచట 1866లో కట్టబడిన పాత న్యాయస్థాన భవనము తరువాతి కాలమున స్థానిక చరిత్ర ప్రదర్శనశాల అయినది. అంత దూరపు ముచ్చట సిరొంచలోని మనకేల యని విద్యార్థులు అడుగవచ్చును. కారణము కలదు.

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అను ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవు చేరినది. చెరకు తోటలలో పనిచేయుటకు ఒడంబడికపై వచ్చిన కూలీలు అందుండిరి. 1911 వరకు అట్లు వెళ్లినవారు 1,52,000 మందికి పైబడిరి. వారిలో తెలుగువారును అనేకులు. అదే 1860లో ప్రాణహిత, గోదావరుల ఎడమ గట్టు సీమ నిజాము నుండి ఆంగ్లేయుల వశమయ్యెను. పిదప సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైనది. వారు ఊరు విడిచి పోయిరి. మనము ఊరు కదలకయే ఏలుబడి మారినది. రెండు చోట్లను తెలుగు మాట్లాడువారు కలరు.

అనుమతి చీటి లేక తోట విడుచుట ఆనాటి చట్టమున నేరము. కావున కూలికి న్యాయస్థానము భయస్థానము. 1893లో గాంధీగారు డర్బన్‌లోని ఒక న్యాయస్థానమున తలపాగా తీయుమనగా, తీయక వెలుపలికి వచ్చిరి. అట్టి భవనము ప్రదర్శనశాల అయినపుడు, తీర్పు చెప్పినవారి కథతోపాటు తీర్పు పొందినవారి కథకును చోటు దొరకవలెను.

ప్రదర్శనశాలకు పోయినవారు వింత చూచి మరలి రారాదు. దీనిని ఎవరు చేసిరి? ఎవరు వాడిరి? ఇచట ఎవరి వస్తువు లేదు? అని విచారింపవలెను. మూడవ ప్రశ్నయే ముఖ్యము. దొరగారి కుర్చీ నిలుచును. కూలివాని కొడవలి అరిగిపోవును. అయినను ఓడ పట్టికలలో ప్రతి కూలీకి సంఖ్య, పేరు, తండ్రి పేరు, ఊరు వ్రాయబడెను. వాని సాయముననే వారి మునిమనుమలు పూర్వుల గ్రామములను వెదకుచున్నారు. అచటి తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించి భాషను కాపాడుకొనుటకు పూనుకొనిరి.

మన సిరొంచ 1874లో చాందా జిల్లాలో చేరెను. 1960లో మహారాష్ట్రలోను, 1982లో గడ్చిరోలి జిల్లాలోను భాగమయ్యెను. ఇన్ని మార్పులకు సాక్ష్యము మన ఇండ్లలోనే కలదు. తల్లిదండ్రులారా, పెట్టె అడుగుననున్న పాత పట్టాలను, శిస్తు రసీదులను, తెలుగు ఉత్తరములను చెదల పాలు కానీయకుడు. విద్యార్థులారా, తాతను, అవ్వను అడిగి, ఒక్కొక్కదానికి పేరు, ఊరు, సంవత్సరము చీటిపై వ్రాసి ఉంచుడు. పాఠశాలలో ఒక బీరువా చాలును. మన ప్రదర్శనశాల అచటనే మొదలగును.