లారీ కొలతలు, తనిఖీలు: కిరాయి లెక్కలో కనిపించని ఖర్చు

చీపురుపల్లి: సరుకు ధర కుదిరి, కాటా అయి, లారీ బయలుదేరిందంటే వర్తకునికి సగం పని తీరినట్టే. మిగిలిన సగం రోడ్డు మీద తేలుతుంది. హౌరా-చెన్నై రైలు మార్గం ఊరిలోంచే పోతున్నా, రైల్వేకు రేకు నిండా సరుకు కావాలి. పది, ఇరవై టన్నుల లాటు పంపే వర్తకులకు లారీయే గతి. కిరాయి బేరంలో టన్నుకు యాభై తగ్గించడానికి గంటసేపు వాదించే మన వర్తకులు, ఆ లారీ ఎంత మోయవచ్చో, సరుకు ఎంతవరకు బయటికి రావచ్చో అడగడం అరుదు.

ఈ ప్రాంతపు సరుకు రెండు రకాలు. గర్భాం వైపు మాంగనీసు రాయి, గరివిడి ఫెర్రో మిశ్రమలోహాలు, బియ్యం బరువు సరుకులు. వీటికి లారీ తొట్టి సగం నిండేసరికే టన్నేజీ పూర్తవుతుంది. గోగునార, గడ్డి, సరుగుడు వంటివి తేలిక సరుకులు. వీటికి టన్నేజీ రాకముందే తొట్టి నిండిపోతుంది. మొదటి రకంలో డ్రైవరు తూకం దగ్గర దొరుకుతాడు, రెండో రకంలో టేపు దగ్గర. గోగు సాగు ఒకప్పటంత లేకపోయినా, నార వేసుకునే లారీకి ఈ టేపు బాధ తగ్గలేదు.

కొలతల సంగతి చూద్దాం. 1939 నాటి మోటారు వాహనాల చట్టం కింద ఇవి రాష్ట్రాల చేతిలో ఉండేవి. 1988 చట్టం 1989 జులై 1న అమలులోకి వచ్చాక కేంద్ర నిబంధనలే దేశమంతటికీ వర్తిస్తున్నాయి. ట్రైలరు లేని లారీ పొడవు 12 మీటర్లు, వెడల్పు 2.6 మీటర్లు దాటరాదు. వెనుక చక్రాల ఇరుసు దాటి బయటికి వేలాడే భాగం వీల్‌బేస్‌లో 60 శాతం మించరాదు. ట్రైలరు బండ్ల పొడవును 18 మీటర్ల నుంచి 18.75 మీటర్లకు పెంచింది 2020లో. బాడీ షెడ్డులో అడుగో, అడుగున్నరో పొడిగించుకుంటే పట్టుబడేది ఈ లెక్కలోనే. సాలూరు వంటి లారీల ఊరు పక్కనే ఉన్న మనకు ఈ సంగతి కొత్త కాదు. కొలతలు కేంద్రానివే అయినా, రోడ్డు మీద ఆపేది మాత్రం రాష్ట్రపు బ్రేకు ఇనస్పెక్టరే. ఏ రోడ్డు మీద ఏ బండి తిరగరాదో ఆంక్ష పెట్టే అధికారం కూడా రాష్ట్రానిదే.

ఇనుప చువ్వల వర్తకులు గుర్తుంచుకోవలసినది మరొకటి. తొట్టి వెనుక మీటరు వరకు సరుకు బయటికి రావచ్చన్న పాత వెసులుబాటును కేంద్రం 2014లో తీసివేసింది. ఎర్ర గుడ్డ కట్టి పంపిస్తే చాలుననుకునే వారు ఇప్పటికీ ఉన్నారు. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం సరుకు పక్కకో, ముందుకో, వెనక్కో పొడుచుకు వచ్చినా, ఎత్తు మించినా జుర్మానా రూ.20,000. పైగా దించే ఖర్చు వేరు.

బరువు విషయంలో లారీలకు కొంత ఊరట దొరికింది 2018 జులైలో. పది చక్రాల బండికి సరుకుతో కలిపి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5కు, పన్నెండు చక్రాలకు 31 నుంచి 36కు, పెద్ద ట్రైలరుకు 49 నుంచి 55కు పెరిగింది. పరిమితి పెరిగితే అధిక లోడు తగ్గుతుందనుకున్నారు. జరిగింది ఏమిటంటే, కొత్త పరిమితి మీద మళ్ళీ రెండు మూడు టన్నులు అడగడం.

ఆ రెండు మూడు టన్నుల లెక్క వేసి చూడవలసిందే. పది చక్రాల బండి ఖాళీ బరువు 9.5 టన్నులనుకుందాం. 19 టన్నులు న్యాయమైన లోడు. 22 వేస్తే మూడు టన్నులు అదనం. కిరాయి టన్నుకు వెయ్యి అనుకుంటే వర్తకునికి కలిసి వచ్చేది మూడు వేలు. పట్టుబడితే రూ.20,000, టన్నుకు రూ.2,000 వంతున మరో ఆరు వేలు, మొత్తం రూ.26,000. ఎనిమిది ట్రిప్పుల ఆదా కంటే ఇది ఎక్కువ. తూకానికి ఆపకుండా పోతే రూ.40,000. జుర్మానా కట్టి ముందుకు పోవచ్చనే పాత ఆశ కూడా లేదు. అదనపు సరుకు దించనిదే బండి కదలరాదని చట్టమే చెబుతోంది. ముడుపు కట్టించుకుని బండ్లను వదిలే పద్ధతి చెల్లదని సుప్రీంకోర్టు 2005 నవంబరులోనే తేల్చింది. నట్టనడి రోడ్డులో దించడానికి కళాసీలు ఎక్కడ? కప్పడానికి పట్టా ఎవరిది? వర్షం వస్తే తడిసేది ఎవరి సరుకు?

చలానా బండి నంబరు మీద పడుతుంది. డ్రైవరు యజమాని కాకపోతే, యజమానికి తెలిసే జరిగిందని కోర్టు భావించవచ్చు. లోడు వేయించిన వర్తకుని పేరు చలానాలో రాదు. కనుక వర్తకులు ఇది తమ ఖర్చు కాదనుకుంటారు. కానీ అదే బండి మళ్ళీ వచ్చినప్పుడు కిరాయి ఎందుకు పెరిగిందో బుకింగ్ ఆఫీసులో అడిగి చూడాలి. యజమాని తన నష్టాన్ని ఎక్కడో ఒకచోట రాబట్టుకోక మానడు. రాబట్టుకోలేకపోతే డ్రైవరు బత్తాలో కోస్తాడు. ఈ వ్యవహారంలో అన్యాయం జరిగేది ముఖ్యంగా డ్రైవరుకే. లోడు ఎంతో నిర్ణయించేది అతను కాదు, రోడ్డు మీద జవాబు చెప్పేది మాత్రం అతనే.

ఇక ఈ-వే బిల్లు. 2021 జనవరి నుంచి రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన గడువు. కొలత మించిన సరుకుకు రోజుకు 20 కిలోమీటర్లే. బండి ఒక పూట తూకం దగ్గర నిలిచిపోతే ఆ గడువు కరిగిపోతుంది. గడువు తీరడానికి ఎనిమిది గంటల ముందు గానీ, తీరిన ఎనిమిది గంటలలోపు గానీ పొడిగించుకోవచ్చు. జీఎస్టీ తనిఖీలో బండిని అరగంట మించి ఆపితే ఆ సంగతి పోర్టల్‌లో నమోదు చేసే వీలు ట్రాన్స్‌పోర్టరుకు ఉంది. ఈ వీలును వాడుకునేవారు కొద్దిమందే.

కొందరు దళారులు ఇప్పుడు లారీ చీటీ మీదనే ఖాళీ బరువు, ఆర్‌సీలోని మొత్తం బరువు రాయించి, ఊరు దాటక ముందే కాటా వేయించి, ఆ చీటీ నకలు డ్రైవరు చేతికి ఇస్తున్నారు. ఇందుకు కాటా రుసుము తప్ప ఖర్చు లేదు. అదనపు లోడు వర్తకుడు అడిగితే జుర్మానా అతనిదేనని అదే చీటీ మీద ఒక వాక్యం రాయించాలని లారీ యజమానులు అడుగుతున్నారు. దానికి సంతకం పెట్టే వర్తకులు ఇంకా దొరకడం లేదు.