మీకు తెలుసా? ముందున్న గాలిమర వెనకదాని కరెంటు తగ్గిస్తుంది!

గాలిమర కరెంటు తీసేది గాలి వేగం నుంచే. అందుకే రెక్కలు దాటిన గాలి నెమ్మదించి, సుడులు తిరుగుతూ వెనక ఉన్న మరను చేరుతుంది. డెన్మార్క్ తీరానికి దూరంగా సముద్రంలో 2002లో నెలకొల్పిన హార్న్స్ రెవ్ కేంద్రంలో 80 మరలు వరసలుగా ఉన్నాయి. మరకూ మరకూ మధ్య 560 మీటర్లు, అంటే రెక్కల చక్రం వ్యాసానికి ఏడు రెట్లు దూరం ఉంచారు. అయినా గాలి సరిగ్గా వరస వెంబడి వీస్తే రెండో మర ఉత్పత్తి బాగా పడిపోతుంది. కారణం, గాలిలోని శక్తి దాని వేగం ఘనాన్ని బట్టి మారుతుంది. వేగం 10 శాతం తగ్గితే శక్తి దాదాపు 27 శాతం తగ్గుతుంది.

మరలను ఇంకా దూరంగా నిలిపితే చాలదా? నష్టం తగ్గుతుంది కానీ స్థలం, కేబుళ్ల ఖర్చు పెరుగుతాయి. ముందు మరను గాలికి కాస్త పక్కగా తిప్పడం మరో మార్గం. అప్పుడు నెమ్మదించిన గాలి వెనక మరను తప్పించి పక్కకు మళ్లుతుంది. తిప్పిన మర కొంత నష్టపోయే మాట నిజమే. కానీ స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు కెనడాలోని ఆల్బెర్టాలో ఆరు మరలపై చేసి 2019లో ప్రచురించిన ప్రయోగంలో, సగటు గాలి వేగాల వద్ద మొత్తం ఉత్పత్తి 7 నుంచి 13 శాతం పెరిగింది. గాలి కొన్ని దిశల నుంచి వీచినప్పుడే ఇంత లాభం వస్తుంది. అయినా ఈ ఫలితం చెప్పేది స్పష్టం: ఒక్కో మర ఎంత తీస్తోందని కాక, కేంద్రమంతా కలిసి ఎంత ఇస్తోందని చూసి నడపాలి.