కొందఱికి మద్యమేల పడదు?

మలయా రబ్బరు తోటలలో మనవారును చీనావారును పెక్కేండ్లు ప్రక్కప్రక్కనే పనిచేసిరి. ఒకేచోట కూర్చుండి ఒకే కొలత త్రాగినను, చీనావారిలో కొందఱి మొగము కొన్ని నిమిషములలోనే మందారమువలె ఎఱ్ఱనగుటయు, మనవారి మొగమున నట్టి మార్పు లేకుండుటయు చూచినవారు పలువురు. ఎఱ్ఱబడినవానిని "ఒక్క గ్రుక్కకే కైపెక్కెను" అని నవ్వుటయు, మఱియొక గ్లాసు బలవంతముగా పోయుటయు వాడుకయే. త్రాగుట పాపమా కాదా యను ప్రసంగము నేడు చేయబోము. ఆ ఎఱుపు కైపు కాదని మాత్రము చెప్పుదుము.

మద్యము కడుపులో పడిన పిమ్మట కాలేయము, అనగా మనవారు చెప్పు కార్జము, దానిని రెండు మెట్లలో మార్చును. మొదటి మెట్టున అది ఆసిటాల్డిహైడు అను విషమగును. రెండవ మెట్టున ఆ విషము, కల్లు మిక్కిలి పులిసినప్పుడు కలుగు పులుపును పోలిన హానిలేని పదార్థమగును. చీనా, జపాను, కొరియా దేశస్థులలో ఇంచుమించు మువ్వురిలో నొకరికి ఈ రెండవ మెట్టును నడపు ఎంజైము పుట్టుకతోనే బలహీనము. అందుచేత విషము నెత్తుటిలో నిలిచి, మొగము మెడ ఎఱ్ఱబడును, గుండె దడదడలాడును, తల నొచ్చును, కడుపులో త్రిప్పును. తల్లిదండ్రు లిద్దఱినుండియు ఈ లోపము వచ్చినవారు త్రాగనేజాలరు. ఒక్కరినుండి వచ్చినవారు బాధ సహించి అలవాటు చేసికొనగలరు. గొప్ప అపాయము వీరికే. వీరు త్రాగుచు వచ్చినయెడల అన్నవాహికలో రాచపుండు, అనగా కాన్సరు, పుట్టుట ఇతరులకంటె ఎన్నియో రెట్లు హెచ్చని వైద్యులు కనుగొనిరి. ఎఱుపు కనబడకుండ ముందుగా ఏదో మాత్ర మ్రింగి కూర్చుండువారును కలరు. అట్టి మాత్ర ఎఱుపునే అణచును, విషమును అణచదు.

మనవారిలో ఈ పుట్టుకలోపము అరుదు. అయినను మద్యము పడనివారు మనలోను లేకపోలేదు. కొందఱికి బీరు త్రాగిన వెంటనే దద్దుర్లు లేచును, ముక్కు కాఱును. అందలి బార్లీయైనను, పులియునప్పుడు పుట్టు హిస్టమినైనను కారణము కావచ్చును. ద్రాక్షసారాయి చెడకుండ కలుపు గంధకపు లవణములు కొందఱు ఉబ్బసపు రోగులకు ఆయాసము రేపును. త్రాగిన కొద్దిసేపటికి మెడలోనో చంకలోనో బిళ్లలు నొచ్చుట మిక్కిలి అరుదు. కాని హాడ్జికిను వ్యాధి యను కాన్సరునకు అది గుఱుతు కావచ్చును గనుక ఆలసింపక ఆసుపత్రికి పోవలెను.

ఇక మన రబ్బరునకు సంబంధించిన కథ యొకటి కలదు. రబ్బరును గట్టిపఱచుటకు కార్ఖానాలలో గంధకముతోపాటు థయూరములను మందులు కలుపుదురు. వాటి నడుమ పనిచేయువారు కొంచెము మద్యము త్రాగినను బాధపడుచుండుట అమెరికాలో నొక కార్ఖానా వైద్యుడు గమనించి 1937 లో వ్రాసెను. కొన్నేండ్లు గడచిన పిమ్మట డెన్మార్కు దేశమున యెన్సు హాల్డు, ఎరిక్ యాకబ్సెను అనువారు ఆ జాతి మందునే కడుపులోని పురుగులకు పనికివచ్చునేమో యని పరీక్షించుచు, తామే మ్రింగి చూచిరి. పిదప మద్యము పుచ్చుకొనగానే వారికి అస్వస్థత కలిగెను. ఇట్లు 1948 లో డైసల్ఫిరాము త్రాగుడు మాన్పు మందుగా లోకమునకు తెలిసెను. అది ఆ రెండవ మెట్టునే సాగనీయదు. చీనావారిలో కొందఱికి పుట్టుకతో వచ్చిన బాధను ఈ మాత్ర ఎవరికైనను కలిగింపగలదు.

ఇచ్చట మన ఇల్లాండ్రతో ఒక మాట చెప్పవలసియున్నది. బియ్యపు డబ్బు భర్త త్రాగుడుపాలగుచుండగా, ఈ మాత్ర సంగతి విన్న స్త్రీ దానిని పొడిచేసి అతనికి తెలియకుండ పులుసులో కలుపుట కలదు. ఆమె దుఃఖము మే మెఱుగుదుము. ఆమెను నిందించుట మా యుద్దేశము కాదు. కాని సంగతి తెలియనివాడు ఎప్పటివలెనే కడుపునిండ త్రాగును. అప్పుడు రక్తపుపోటు పడిపోవచ్చును, గుండె గతి తప్పవచ్చును, ప్రాణమే పోవచ్చును. కాలేయము చెడినవారికిని గుండెజబ్బు గలవారికిని మఱింత భయము. భర్త ఒప్పుకొని, వైద్యుడు పరీక్షించిన పిమ్మటనే ఈ మందు వాడదగును. ఒప్పుకొన్నవాడు ప్రతి ఉదయము భార్య యెదుటనే మాత్ర మ్రింగుట మేలైన పద్ధతి. మాత్ర మానిన తరువాతగూడ రెండు వారములవఱకు దాని బలము దేహములో నుండవచ్చును. ఆ దినములలో ఆల్కహాలు కలిసిన దగ్గుమందు సయితము పుచ్చుకొనరాదు, ఏ వైద్యునియొద్దకు పోయినను ఆ మాత్ర సంగతి ముందుగా చెప్పవలెను.