కొత్త ఫోను మీదే, మరి దాని తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ఈ వారం ఎపిసోడ్‌లో కొత్త ఫోను గురించి మాట్లాడుకున్నాం. డ్యూటీలో ఉండి వినలేనివాళ్ళూ, విన్నా సెట్టింగులు ఒక్కొక్కటిగా చూసి చేసుకుందామనుకునేవాళ్ళూ ఈ రాతను దగ్గర పెట్టుకోండి.

రూములో ఎవరైనా కొత్త ఫోను కొంటే ఆ రోజు పండగే. కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్, ఛార్జింగ్ ఎంత ఫాస్ట్, స్క్రీన్ ఎంత పెద్దది అని అందరూ చేతిలోకి తీసుకుని చూస్తారు. ఇంటికి వీడియో కాల్ చేసి పిల్లలకు చూపిస్తాం. అదంతా బాగుంది. కానీ నేను అడిగేది ఒక్కటే: ఆ ఫోన్‌లో ఉన్న జీమెయిల్ ఎవరు తెరిచారు? దాని పాస్‌వర్డ్ మీకు తెలుసా?

ఎక్కువమంది చెప్పే జవాబు ఇదే: "షాపువాడు చేసిచ్చిండు అన్నా."

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ఫోన్‌లోని మంచి ఫీచర్లన్నీ ఆ ఒక్క అకౌంటుకే కట్టి ఉంటాయి. పోయిన ఫోనును వెతకాలన్నా, పాత ఫోటోలు కొత్త ఫోన్‌లోకి రావాలన్నా, దాచుకున్న కాగితాలు మళ్ళీ తీయాలన్నా ఆ పాస్‌వర్డే తాళంచెవి. అది షాపువాడి బుర్రలో ఉంటే ఇల్లు మనదే గానీ తాళంచెవి ఊళ్ళోవాళ్ళ దగ్గర ఉన్నట్టే.

ముందు తాళంచెవి మీ చేతికి తీసుకోండి

ఫోను మార్చినప్పుడల్లా కొత్త జీమెయిల్ తెరవకండి. అలా చేస్తే పాత నంబర్లు, పాత ఫోటోలు పాత జీమెయిల్‌లోనే చిక్కుకుపోతాయి. ఒకే జీమెయిల్, జీవితాంతం. పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి, డైరీలో రాసి పెట్టెలో దాచుకోండి.

తర్వాత సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో సెక్యూరిటీ తెరవండి. రికవరీ ఫోన్ అని ఒకటుంటుంది. పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వచ్చేది ఆ నంబరుకే. చాలామందికి అక్కడ ఎప్పుడో బంద్ అయిన ఇండియా నంబరు ఉంటుంది. ఇప్పుడు వాడుతున్న నంబరు పెట్టండి. రికవరీ ఈమెయిల్‌గా ఇంట్లోవాళ్ళది, అంటే భార్యదో తమ్ముడిదో పెట్టండి.

టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకున్నవాళ్ళు ఇంకో పని చేయాలి. గూగుల్ 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసుకోండి. ఎందుకంటే ఫోను పోయిన రోజు పక్కవాడి ఫోన్‌లో లాగిన్ అవుదామంటే కోడ్ ఆ పోయిన ఫోనుకే వెళ్ళవచ్చు. అప్పుడు ఆదుకునేది ఆ కాగితమే.

కాగితాల పెట్టె

పాస్‌పోర్టును కంపెనీ తన దగ్గర పెట్టుకోవడాన్ని చాలా గల్ఫ్ దేశాల చట్టం ఒప్పుకోదు. అయినా ఎక్కడ చూసినా జరుగుతూనే ఉంది. ఒరిజినల్ మన చేతిలో లేనప్పుడు కాపీ అయినా ఉండాలి. పాస్‌పోర్టు పోతే ఎంబసీలో ఔట్‌పాస్ కోసం నిలబడ్డప్పుడు నంబరు చెప్పగలిగినవాడి పని వేరు, ఏమీ చెప్పలేనివాడి పని వేరు.

గూగుల్ డ్రైవ్ యాప్ తెరిస్తే కెమెరా గుర్తు ఉంటుంది. అది స్కానర్. మామూలు ఫోటో తీస్తే వంకరగా, నీడతో వస్తుంది. స్కానర్ అంచులు సరిచేసి, జిరాక్స్ లాగా శుభ్రంగా పీడీఎఫ్ చేసి దాస్తుంది. ఐఫోన్ వాళ్ళకు నోట్స్ యాప్‌లో కూడా స్కానర్ ఉంది. ఒక ఫోల్డర్ చేసి ఇవి అందులో పెట్టండి:

- పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ
- వీసా, ఇకామా లేదా బతాకా, రెండు వైపులా
- ఊరి నుంచి బయల్దేరేటప్పుడు సంతకం పెట్టిన కాంట్రాక్టు, ఇక్కడికి వచ్చాక పెట్టించినది ఉంటే అది కూడా
- ప్రతి నెలా జీతం స్లిప్పు, లేకపోతే బ్యాంకు మెసేజ్ స్క్రీన్‌షాట్
- ఏజెంటుకు డబ్బు కట్టిన రసీదు
- ఇన్సూరెన్స్ కాగితం

ఆ చివరిదాని దగ్గర కాస్త ఆగండి. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద, ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వచ్చినవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు ప్రీమియం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. ఏజెంటు అన్ని కాగితాలతో కలిపి చేతిలో పెడతాడు, మనం బ్యాగు అడుగున పడేస్తాం. అలాంటి పాలసీ ఒకటి ఉందని ఇంట్లో తెలియకపోతే అడిగేదెవరు? మాట్లాడుకోవడానికి మనసొప్పని విషయమే. కానీ మాట్లాడుకోవాలి.

అందుకే ఆ ఫోల్డర్‌ను ఇంట్లో ఒక్కరితో షేర్ చేయండి. ఫోల్డర్ మీద నొక్కి పట్టుకుంటే షేర్ అని వస్తుంది, అక్కడ వాళ్ళ జీమెయిల్ కొడితే చాలు. ఒక్కసారి వాళ్ళ ఫోన్‌లో తెరిపించి చూడండి. తెరుచుకుంటేనే పని అయినట్టు.

గూగుల్ ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ. జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ కలిపి అంతే. కాగితాలు పెద్దగా తినవు, తినేవి వీడియోలే. గ్రూపుల్లో వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలు తీసేస్తే పాస్‌పోర్టుకు చోటు దొరుకుతుంది.

పని గంటల మీద గొడవలు వచ్చే సైట్లలో ఉన్నవాళ్ళు మీ టైమ్ షీట్‌ను ఏ రోజుకారోజు ఫోటో తీసి పెట్టుకోండి. కెమెరాతో తీసిన అసలు ఫోటోలో తారీఖు, టైము దాగి ఉంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలు పోతాయి. అసలు ఫోటోను చెరపకండి. పంపాల్సివస్తే డాక్యుమెంట్‌గా పంపండి. కానీ ఒక జాగ్రత్త: పక్కవాళ్ళను, ప్రమాదం జరిగిన చోటును, ప్రభుత్వ భవనాలను ఫోటో తీయకండి. ఎదుటివాళ్ళకు చెప్పకుండా మాటలు రికార్డు చేయకండి. యూఏఈ లాంటి చోట్ల అది నేరం. న్యాయం కోసం తీసిన వీడియోనే మన మీద కేసు కావచ్చు.

అరబ్బీ చదివే కన్ను

కంపెనీ ఆఫీసులో కాగితం ముందు పెట్టి "ఇక్కడ సైన్ చెయ్" అంటారు. అంతా అరబ్బీ. అది సెలవు కాగితమా, ఇంకేమైనానా?

గూగుల్ ట్రాన్స్‌లేట్ యాప్‌లో అరబ్బీ నుంచి తెలుగు అని పెట్టుకుని కెమెరా గుర్తు నొక్కి, కాగితం మీద పట్టండి. అక్షరాలు తెలుగులోకి మారి కనిపిస్తాయి. చదవడం రానివాళ్ళు స్పీకర్ గుర్తు నొక్కితే చదివి వినిపిస్తుంది. మెడికల్ షాపులో మందుల డబ్బా మీద కూడా ఇదే వాడొచ్చు. రెండు భాషల్నీ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే, నెట్ లేని చోట కూడా టైపు చేసిన మాటల్ని మారుస్తుంది.

రెండు మాటలు మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇస్తికాలా అంటే రాజీనామా. ముఖాలసా అంటే నాకు రావాల్సిన లెక్క అంతా ముట్టింది అని రాసిచ్చే కాగితం. జీతం బాకీ ఉండగా ఈ రెండింటిలో దేని మీద సంతకం పెట్టినా తర్వాత లేబర్ ఆఫీసులో మన మాట నిలబడటం కష్టం.

ఈ యాప్ పొరపాట్లు కూడా చేస్తుంది. చేతిరాత సరిగా చదవదు. చట్టం భాషలో ఒక్క "కాదు" జారిపోతే అర్థం తలకిందులవుతుంది. కాబట్టి ఇది సంతకం పెట్టమని చెప్పే యాప్ కాదు, ఆగమని చెప్పే యాప్ అనుకోండి. అనుమానం వస్తే "రేపు పెడతాను" అని చెప్పి, ఫోటో తీసుకుని, అరబ్బీ బాగా తెలిసినవాళ్ళకు చూపించండి. దుబాయ్‌లో ఇండియన్ కాన్సులేట్ తరఫున నడిచే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. యూఏఈ నుంచి 800 46342 కు కాల్ చేస్తే డబ్బులు పడవు.

టైపు చేయడం ఇబ్బందిగా ఉన్నవాళ్ళు కీబోర్డులో తెలుగు భాష కలుపుకుని మైకు గుర్తు నొక్కి మాట్లాడండి. మీరు తెలుగులో చెప్పింది తెలుగులోనే రాసేస్తుంది. ఫిర్యాదు రాయాలన్నా, ఇంటికి ఉత్తరం రాయాలన్నా ఇంకొకరిని బతిమాలే పని లేదు.

ఫోను లాక్‌లో ఉన్నా మాట్లాడాలి

ఎండకు సైట్ మీద పడిపోయారు అనుకోండి. జేబులో ఫోనుంది, కానీ లాక్. మీ పేరేంటో, షుగర్ ఉందో లేదో, ఏ మందు పడదో ఎవరికి తెలుస్తుంది?

సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ అని వెతకండి. అక్కడ రక్తం గ్రూపు, వాడే మందులు, పడని మందులు రాయండి. ఎమర్జెన్సీ కాంటాక్ట్‌గా ఇద్దరిని పెట్టండి: ఇక్కడ రూమ్మేట్ ఒకరు, ఇంటి దగ్గర ఒకరు. లాక్‌లో కూడా చూపించు అనే బటన్ ఆన్ చేయండి. ఐఫోన్‌లో ఇది హెల్త్ యాప్‌లో మెడికల్ ఐడీ పేరుతో ఉంటుంది. ఇవన్నీ ఇంగ్లీషులో రాయండి, చదవాల్సింది అంబులెన్స్ వాళ్ళు.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్‌ను వెంటవెంటనే 5 సార్లు నొక్కితే ఎమర్జెన్సీ కాల్ వెళ్ళేలా పెట్టుకోవచ్చు. జేబులో అనుకోకుండా నొక్కుకుపోయే ప్రమాదం ఉంది, కాబట్టి ఎలా ఆపాలో కూడా చూసి పెట్టుకోండి. నంబర్లు సేవ్ చేసుకోండి: యూఏఈలో అంబులెన్స్ 998, పోలీసు 999. సౌదీలో అంబులెన్స్ 997. కువైట్‌లో అన్నిటికీ 112. ఖతార్, బహ్రెయిన్‌లలో 999. ఒమన్‌లో 9999.

రెండు సిమ్‌లు, ఒక ఓటీపీ

ఊళ్ళో బ్యాంకు ఓటీపీ అంతా ఇండియా నంబరుకే వస్తుంది. రీఛార్జ్ లేకుండా నెలల తరబడి వదిలేస్తే ఆ నంబరు పోతుంది, తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారు. అప్పుడు మీ బ్యాంకు మెసేజ్‌లు ముక్కూమొహం తెలియని వాడి ఫోనుకు పోతాయి. కాబట్టి రీఛార్జ్ ఆగకుండా క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

రెండు సిమ్‌లు వేసుకున్నాక మొబైల్ డేటా ఇక్కడి సిమ్ మీదే ఉందో లేదో చూడండి. ఇండియా సిమ్‌కు డేటా రోమింగ్ ఆపేయండి. లేకపోతే ఒక్క రాత్రిలో బ్యాలెన్స్ ఊడ్చుకుపోతుంది.

రెండు సిమ్‌లకూ సిమ్ లాక్ పెట్టండి. ఇది చాలామందికి తెలియదు. దొంగకు మీ ఫోను లాక్‌తో పని లేదు. సిమ్ తీసి తన ఫోన్‌లో వేసుకుంటే ఓటీపీలు వాడికే వస్తాయి. సిమ్ పిన్ ఉంటే ఆ ఆట సాగదు. కొన్ని సిమ్‌లకు మొదటి పిన్ సిమ్ వచ్చిన కార్డు మీద ఉంటుంది. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ ఆగిపోయి పీయూకే కోడ్ అడుగుతుంది, కాబట్టి ఊహించి కొట్టకండి. వాట్సాప్‌లో కూడా టూ స్టెప్ వెరిఫికేషన్ తెరిచి 6 అంకెల పిన్ పెట్టండి.

ఇంకొకటి: *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. డైరీలో రాసుకోండి, పోలీసు ఫిర్యాదులో అదే అడుగుతారు. ఫోను పోతే రూమ్మేట్ ఫోన్‌లో గూగుల్ ఫైండ్ హబ్ తెరిచి, మీ జీమెయిల్‌తో లాగిన్ అయి, మోగించొచ్చు, లాక్ చేయొచ్చు, చివరికి అంతా చెరిపేయొచ్చు. చూశారా, మళ్ళీ ఆ తాళంచెవి దగ్గరికే వచ్చాం.

మన ఎండకు ఫోను తట్టుకోదు

ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల వేడిలో వాడమని ఆపిలే చెబుతుంది. ఇక్కడ వేసవిలో 45 దాటుతుంది. బండి డ్యాష్‌బోర్డు మీద, క్రేన్ క్యాబిన్‌లో ఎండకు పెట్టిన ఫోను బ్యాటరీ త్వరగా పాడవుతుంది. వేడెక్కిన ఫోను ఛార్జింగ్ ఎక్కకపోవడం చెడిపోయిందని కాదు, తనను తాను కాపాడుకుంటోంది. నీడలో పెట్టి చల్లారనివ్వండి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. కొత్త ఫోన్లలో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఉంటుంది. రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టి పడుకునేవాళ్ళకు అది మంచిది.

ఇవన్నీ ఒక్క గంట పని. ఈ సెలవు రోజున బిర్యానీ తిన్నాక రూములో అందరూ కూర్చుని ఒకరి ఫోను ఒకరు చూసుకోండి. తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు చేసిపెట్టండి, కానీ పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తల పక్కకు తిప్పుకోండి. తాళంచెవి ఎవరిది వాళ్ళ దగ్గరే ఉండాలి కదా.

అంతా అయ్యాక ఇంటికి ఫోను చేసి, "ఆ ఫోల్డర్ తెరుచుకుందా?" అని అడగండి. తెరుచుకుంది అన్నారంటే, మీరు కొన్న ఫోను ఆ రోజు నుంచి నిజంగా మీదయినట్టు.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. పైలం.