మూడు వేసవుల అమానతు

తొలకరి పడగానే మన ఊళ్ళలో మొక్కలు నాటే సందడి మొదలవుతుంది. మస్జిదు ఆవరణలో, ఈద్‌గాహ్‌లో, ఖబరస్తాన్ గోడ వెంట గుంతలు తవ్వుతాం, మొక్కలు నాటుతాం, ఫోటోలు దిగుతాం. మరుసటి వేసవికి వాటిలో ఎన్ని బ్రతికాయో లెక్క చూసేవారు మాత్రం అరుదు.

ముస్లిం నాటిన మొక్క నుండి మనిషిగానీ, పక్షిగానీ, పశువుగానీ తిన్నదంతా అతనికి సదఖా అవుతుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఈ శుభవార్తను కాస్త నిదానంగా ఆలోచిద్దాం. పక్షి తినాలంటే చెట్టు కాయాలి. వేప కాపుకు రావడానికి సుమారు అయిదేళ్ళు పడుతుంది. చింతకు అంతకన్నా ఎక్కువ కాలం కావాలి. కాబట్టి నాటిన చేయి ఎంత ముఖ్యమో, అన్నేళ్ళు నీరు పోసిన చేయీ అంతే ముఖ్యం.

మా మద్రసా ఆవరణలోని వేప, కానుగ మొక్కల ఎదుగుదలను మేము ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చాము. తొలినాళ్ళలో మేకల బారి నుండి వాటిని ముళ్ళకంపే కాపాడింది. వుజూ చేసిన నీటిని చిన్న కాలువ తీసి పాదులకు మళ్ళించాము. ఒక్కో మొక్కను ఒక్కో విద్యార్థికి అప్పగించాము. హిఫ్జ్ పూర్తిచేసి వెళ్ళే విద్యార్థి తన మొక్కను తర్వాతి వానికి ఒప్పజెప్పి వెళ్ళేవాడు. రమజాన్ సెలవులకు మద్రసా ఖాళీ అయినప్పుడు పొరుగిళ్ళ స్త్రీలు బిందెలతో నీరు పోశారు.

మోకాలెత్తు మొక్కలు నేడు కప్పును దాటాయి. వాటి నీడలో పిల్లలు పాఠం వల్లిస్తున్నారు. వేపపండ్ల కోసం పక్షులు వాలుతున్నాయి. నాడు నీరు పోసినవారిలో కొందరు ఊరు విడిచారు, కొందరు లోకమే విడిచారు. వారి సదఖా మాత్రం ఇన్షా అల్లాహ్ కొనసాగుతూనే ఉంటుంది.

నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బ్రతికేలా చూడాలని తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం (2018) గ్రామ పంచాయతీలపై బాధ్యత ఉంచింది. చట్టం అడిగేది ఆ మేరకే. అమానతు గురించి అల్లాహ్ అడిగేటప్పుడు మాత్రం ప్రతి మొక్కకూ మనం సమాధానం చెప్పుకోవాలి.

కనుక సోదర సోదరీమణులారా! ఈ వర్షాకాలంలో గుంత తవ్వడానికి ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్క విషయం తేల్చుకోండి: రాబోయే మూడు వేసవులు ఈ మొక్కకు నీరు పోసేదెవరు? ఆ పేరు తేలిన తర్వాతే నాటండి. ఒక్క మొక్క అయినా చాలు, అది చెట్టు కావాలి.