అల్-హసా కుమ్మరి ఆవం

"సౌదీలో కూడా కుమ్మర్లు ఉంటారా?" అని అడిగేవాళ్ల కోసం, ఎపిసోడ్‌లో పట్టని సంగతులు ఇక్కడ రాస్తున్నా.

ఉంటారు. హఫూఫ్ దగ్గర జబల్ అల్-ఖారా గుట్ట కింద ఘరాష్ కుటుంబం తరతరాలుగా కుండలు చేస్తోంది. ఆ చోటు పేరు దూఘా, అంటే ఆవం. పని మనకు తెలిసిందే: మట్టి నానబెట్టి, పిసికి, సారె మీద తిప్పి, ఆరబెట్టి కాలుస్తారు.

కాలిన కుండకు కంటికి కనబడని రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీరు చెమర్చి ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. గాలి పొడిగా ఉంటేనే ఇది బాగా జరుగుతుంది. అందుకే హఫూఫ్ ఎండలో చల్లగా ఉండే కూజా నీళ్లు జిద్దా ఉక్కపోతలో అంత చల్లబడవు.

ఫ్రిజ్ వచ్చాక ఆ అవసరం తగ్గింది. యునెస్కో 2015లో అల్-హసాను చేతివృత్తుల సృజనాత్మక నగరంగా గుర్తించింది. సౌదీ ప్రభుత్వం 2025ను చేతివృత్తుల సంవత్సరమంది. మంచిదే. కానీ గుర్తింపుతోనే సారె తిరగదు, ఇంట్లో నేర్చుకునేవాళ్లుండాలి. అమెరికాలోని అరిజోనాలో నంపెయో అనే హోపీ-తేవా కుమ్మరి ఉండేది. చూపు మందగించాక ఆమె తడుముతూ కుండ చేస్తే, కూతుళ్లు బొమ్మలు దిద్దేవారు. 1942లో ఆమె పోయినా విద్య ఇంట్లోనే మిగిలింది.

మనలోనూ కుమ్మరి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లున్నారు. శుక్రవారం ఫోన్ చేసినప్పుడు నాయనను అడగండి: మట్టి ఏ చెరువుది? ఇసుక ఎంత కలపాలి? ఆవం ఎప్పుడు ఆపాలి? చెప్పింది రికార్డు చేసుకోండి. మీ ఊరి మట్టి లెక్క ఆయన చేతులకే తెలుసు.